ఫైండర్‌లో వంగిన క్యాషియరు

ఆయన్ని అందరూ నిటారు మాస్టారు అంటారు. పాఠాలు చెప్పే మాస్టారు కారు, గ్రూపు ఫోటోలు తీసే మాస్టారు. ఆఫీసులో ఎవరైనా రిటైరవుతున్నా, కాలేజీలో చివరి ఏడాది పిల్లలు విడిపోతున్నా, ఆసుపత్రి సిబ్బంది అంతా కలిసి ఒక ఫోటో దిగాలనుకున్నా, కబురు ఆయనకే వెళ్తుంది. స్టాండు మీద కెమెరా బిగించి, కుడికన్ను దాని వెనకున్న చిన్న గాజుకిటికీకి, అదే ఫైండర్‌కి, ఆనించి, ఎడమకన్ను గట్టిగా మూసి, చూపుడువేలు పైకెత్తి ఆయన "నిటారుగా, నిటారుగా" అంటుంటే, కిందివాళ్ళని గడగడలాడించే పెద్ద ఆఫీసర్లు కూడా కిక్కురుమనకుండా నడుములు సర్దుకుంటారు. ఆ పేరు అలా వచ్చింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు.

వంకర అనేది ఆయన ఒంటికి సరిపడదు. ఎవరింటికైనా వెళ్ళి కూర్చుంటే, ఎదురుగా గోడ మీద క్యాలెండరు కాస్త ఒరిగి ఉంటే చాలు, ఇచ్చిన టీ గొంతు దిగదు. లేచి, దాన్ని సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, అప్పుడు కూర్చుంటారు. ఎడమకన్ను మూసీ మూసీ ముఖంలో ఆ పక్కన మాత్రమే ముడతలు పడ్డాయి. ఒక పక్క నుంచి చూస్తే మా ఆయన, ఇంకో పక్క నుంచి చూస్తే మా మామగారు అని భార్య వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్విస్తుంటుంది.

స్టూడియో అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. బట్టలు కుట్టే దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న రెండు గదులు. ముందు గదిలో కౌంటరు, కంప్యూటరు, ప్రింటరు, వాటి వెనక భార్య. వెనక గదిలో తెల్లతెర, రెండు లైట్లు, ఒక స్టూలు, గోడ నిండా గ్రూపు ఫోటోలు. ఫోటోలు తీయడం ఆయన పని. వాటిని కంప్యూటరులో సరిదిద్ది, ప్రింటు తీసి, అంచులు కత్తిరించి కవర్లో పెట్టడం ఆవిడ పని. ఈ ఏర్పాటు మీద వాళ్ళకి ఎప్పుడూ తగాదా రాలేదు. తగాదాలకి వేరే విషయాలు బోలెడున్నాయి.

వాటిలో ముఖ్యమైనది కెమెరా. మాస్టారి దగ్గరున్న కెమెరా బాడీ, అంటే లెన్సు బిగించే పెట్టె, అరిగి అరిగి అరచేతి ఆకారానికి వచ్చింది. పట్టుకునేచోట రబ్బరు లేచిపోతే జిగురు పెట్టి అంటించారు. బటన్ల మీద గుర్తులు చెరిగిపోయాయి. మెడకి వేసుకునే పట్టీని పక్కషాపు టైలరు రెండుసార్లు కుట్టిచ్చాడు. మాస్టారి బావమరిది, అంటే భార్య తమ్ముడు, కెమెరాల షాపులో సేల్స్‌మన్. వచ్చినప్పుడల్లా ఆ కెమెరాని చూసి, మ్యూజియం వాళ్ళు అడుగుతున్నారు బావా, ఇచ్చెయ్యమంటావా అంటాడు. ముందు నిన్ను తీసుకెళ్ళమను అంటారు మాస్టారు. కొత్త బాడీలు మనిషి మొహాన్ని వాటంతటవే పట్టుకుంటాయని, కన్నెక్కడుందో అవే వెతుక్కుంటాయని బావమరిది చెవిలో జోరీగలా చెబుతూనే ఉంటాడు. మాస్టారికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వరస తిన్నగా ఉందో లేదో చెప్పాల్సింది మనిషి కన్ను, దాన్ని కొనడానికి షాపు ఎక్కడుంది అనేది ఆయన వాదన.

అలాంటి మనిషి కొత్త కెమెరా కొంటానని తనంతట తనే అనడానికి కారణం, ఒక బ్యాంకు క్యాషియరు.

ఆ బ్యాంకులో మేనేజరు రిటైరవుతున్నాడు. సిబ్బందినంతా మెట్ల మీద మూడు వరసలుగా నిలబెట్టారు. మాస్టారు ఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తే, మధ్య వరసలో పొడుగాటి క్యాషియరు నడుం దగ్గర ఎడమకు వంగి ఉన్నాడు. అతని వెనక స్తంభం కూడా అక్కడే కాస్త వంగినట్టుంది. స్తంభం సంగతి మాస్టారు పట్టించుకోలేదు, కట్టినవాడి ఖర్మ అనుకున్నారు. క్యాషియరుని మాత్రం నడుం కుడివైపు సర్దమన్నారు. అతను సర్దుకున్నాడు. ఇంకాస్త అన్నారు. నేను తిన్నగానే ఉన్నానండీ అని అతను గొణిగితే, అది నేను చెప్పాలి అన్నారు. చివరికి ఫైండర్‌లో క్యాషియరు గీత గీసినట్టు నిలబడ్డాక మీట నొక్కారు. తీసిన ఫోటోని కెమెరా వెనక తెర మీద చూసుకునే అలవాటు ఆయనకి లేదు.

మర్నాడు కంప్యూటరు ముందు కూర్చున్న భార్య ఆయన్ని పిలిచింది. తెర మీద బ్యాంకు సిబ్బంది అంతా తీర్చిదిద్దినట్టున్నారు. ఒక్క క్యాషియరు మాత్రం కుడివైపు ఒరిగిపోయి, పక్కనున్న ఆఫీసరమ్మ భుజం మీద తల వాల్చబోతున్నట్టున్నాడు. ఆ ఫోటో బయటికి వెళ్ళి ఉంటే అతని కాపురంలో నిప్పులు పోసినట్టయ్యేది.

మాస్టారు తెర దగ్గరికి వంగి చూశారు, దూరం జరిగి చూశారు. తన చేత్తో తను నిలబెట్టిన మనిషి. ఇన్నేళ్ళలో ఆయన వరసలో ఒక్కరు వంగింది లేదు. ఎవరో తన కెమెరాతో తనని మోసం చేసినట్టనిపించింది. కంప్యూటరులో సరిచేస్తానని భార్య అంటే వద్దన్నారు. బ్యాంకుకి ఫోన్ చేసి, సిగ్గు చంపుకుని, మళ్ళీ తీస్తానన్నారు. రిటైరైన మేనేజరు పాపం మళ్ళీ కోటు వేసుకుని వచ్చాడు.

రెండోసారి కూడా ఫైండర్‌లో క్యాషియరు వంగే ఉన్నాడు. మాస్టారు పళ్ళు బిగబట్టి ఒక్క మాట అనకుండా మీట నొక్కారు. ఫోటోలో అందరూ నిటారుగా వచ్చారు.

అప్పుడు మాస్టారికి విషయం అర్థమైపోయింది. ఆయన కెమెరా పాతరకం. లోపల వాలుగా చిన్న అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మ ఆ అద్దం మీద పడి, పైకి మళ్ళి, ఫైండర్‌లో కంటికి కనబడుతుంది. మీట నొక్కగానే అద్దం తప్పుకుంటుంది, బొమ్మ సూటిగా వెనక్కి వెళ్ళి ఫోటో అవుతుంది. అంటే కంటికొచ్చే దారి వేరు, ఫోటోకెళ్ళే దారి వేరు. ఫైండర్‌లో వంకర ఉండి ఫోటోలో లేదంటే దోషం అద్దం వైపు ఉన్నట్టే. ఆ మధ్య స్కూటరు మీంచి కెమెరా సంచీ జారి పడింది కూడా. ఇంకేం సాక్ష్యం కావాలి?

భార్యకి ఇదంతా వివరించి చెప్పారు. ఆవిడ కెమెరా తీసుకుని, ఫైండర్‌లోంచి తలుపు చట్రాన్ని చాలాసేపు చూసింది.

"నాకు తిన్నగానే ఉందండీ. ఓసారి కళ్ళు చూపించుకోకూడదూ?"

"అది పట్టుకునే కన్ను నీకు లేదులే" అన్నారు మాస్టారు.

ఆవిడ కెమెరా బల్ల మీద పెట్టేసి ప్రింటరు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన ఊరుకోకుండా, గుమ్మంలో నిలబడి రోడ్డు అవతలి లాయరుగారి బోర్డు మీద సన్నక్షరాలన్నీ గడగడా చదివి వినిపించారు. గోడ మీద క్యాలెండరు తిన్నగానే కనబడుతోంది, బోర్డు తిన్నగానే కనబడుతోంది. వంకరంతా ఫైండర్‌లోనే ఉంది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక మొదలైంది ఊగిసలాట. అంత పాత బాడీకి అద్దం మార్చడమంటే దండగని బావమరిది తేల్చేశాడు. కొత్తది కొందామంటే మాస్టారికి చెయ్యి రాదు. కొత్తవాటిలో మీట ఎక్కడుందో వెతుక్కోవాలి, ఉన్న లెన్సులు పట్టవు, పట్టించడానికి మధ్యలో ఒక రింగు కావాలి. పొద్దున కొంటానంటారు, మధ్యాహ్నానికి వద్దంటారు. కెమెరా కంపెనీల రంగుల కాగితాలు తెప్పించుకుని చదువుతారు, చదివి నిట్టూరుస్తారు. వారాలు నెలలయ్యాయి. ఆ నెలల్లో వంకర పెరిగింది. ముందు ఒక మనిషి నడుం దగ్గర ఉండేది, తర్వాత ముగ్గురికి పాకింది. అద్దం ఇంకా వదులవుతోంది అనుకున్నారు.

పనికి వెళ్ళినచోట ఆయన వేలెత్తడం మానేశారు. ఎవరు నిజంగా వంగారో, ఎవరు ఫైండర్‌లో వంగారో తెలియనప్పుడు ఏ నోటితో సరిచేస్తారు? ఫోటో తీసి, వెనక తెర మీద చూసి, బాగోకపోతే మళ్ళీ తీస్తున్నారు. మాస్టారు ఇవాళ నోరు మెదపడం లేదేమిటని జనం చెవులు కొరుక్కుంటే విన్నారు. తన కన్ను మీద నమ్మకంతోనే బతికిన మనిషికి ఆ మాట చురుక్కున తగిలింది. ఆ సాయంత్రమే బావమరిదికి ఫోన్ చేసి, రేపు వస్తున్నాం, బాడీ సిద్ధంగా ఉంచమన్నారు.

బావమరిది ఆనందం పట్టలేకపోయాడు. బావనీ అక్కనీ కుర్చీల్లో కూర్చోబెట్టి, ఏసీ పెంచి, టీ తెప్పించి, పెట్టె విప్పి కొత్త కెమెరాని మాస్టారి చేతుల్లో పెట్టాడు. తేలిగ్గా ఉంది, కొత్త రబ్బరు వాసన వేస్తోంది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, అలవాటుగా కుడికన్నుకి ఆనించి, ఎడమకన్ను మూశారు. ఎదురుగా లెన్సులు పేర్చిన గాజు అల్మరా ఉంది. దాని అరలు మధ్యలో కిందికి సాగినట్టు వంగి ఉన్నాయి.

"ఇది పాడైన ముక్కరా. వేరేది తియ్యి."

బావమరిది ఇంకో పెట్టె విప్పాడు. అరలు వంగే ఉన్నాయి. వేరే కంపెనీది ఇమ్మన్నారు. అదీ అంతే. కంపెనీలన్నీ ఒకటే తయారయ్యాయని మాస్టారు విసుక్కుంటుంటే, బావమరిది నవ్వుతూ కెమెరా లాక్కుని, తను కన్ను పెట్టి అల్మరా వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆ కెమెరా పక్కన పెట్టి మొదటిది తీసి చూశాడు. రెండోదీ చూశాడు.

"బావా, అరలు తిన్నగానే ఉన్నాయి."

"నీకేం తెలుసురా? ఇందులోనూ అద్దం కదిలింది."

బావమరిది ఆ కెమెరాని మళ్ళీ బావ చేతిలో పెట్టాడు. వేళాకోళం తప్ప ఇంకో మాట తెలియనివాడు, గొంతు తగ్గించి చెప్పాడు.

"వీటిలో అసలు అద్దమే ఉండదు బావా."

మాస్టారికి ఆ మాట చెవిలో పడింది గానీ తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. పక్క కౌంటరులో ఎవరో సంచీ బేరం చేస్తున్నారు, ఆ మాటలన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి. అద్దం లేదు. ఏ కెమెరాలో చూసినా వంకర ఉంది. మూడు కెమెరాల్లోనూ, ఇంటి దగ్గరున్న నాలుగోదానిలోనూ, అన్నిటిలోనూ ఉన్నది ఒక్కటే. కెమెరా జారిపోతుందేమోనని రెండు చేతులతో బల్ల మీద పెట్టారు.

భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది. రెండో కంటితో చూడండి అంది. ఆయన కెమెరా ఎత్తి ఎడమకన్నుకి పెట్టుకున్నారు. ఆ కంటికి అలవాటు లేక ముక్కు అడ్డొచ్చింది. అల్మరా అరలు సూటిగా, గీత గీసినట్టు ఉన్నాయి.

కెమెరా దించేశారు. ఎడమకన్ను మూసుకుని, మధ్యలో ఏ కెమెరా లేకుండా, వట్టి కుడికన్నుతో భార్య వైపు తిరిగారు. ఆవిడ జుట్టు కనబడింది, చెవులు కనబడ్డాయి, గడ్డం కనబడింది. మధ్యలో మొహం లేదు. ఆరని ఫోటో మీద ఎవరో బొటనవేలితో రుద్దినట్టు మసక. ఇన్నాళ్ళూ ఈ కంటితో ఆవిడని విడిగా చూడలేదు. విడిగా చూసిందల్లా జనాన్ని, అదీ ఫైండర్‌లోంచి.

కెమెరా లోపల ఏముంటుందో తెలియని మనిషైతే ఎప్పుడో కళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. మాస్టారికి తెలుసు. ఆ తెలివే కొంప ముంచింది.

కళ్ళ డాక్టరమ్మ గళ్ళకాగితం ఒకటి ఇచ్చి, ఒక్కో కన్నూ మూసి చూడమంది. ఎడమకంటికి గళ్ళు గళ్ళలాగే ఉన్నాయి. కుడికంటికి మధ్యలో గీతలు మెలికలు తిరిగి, నట్టనడుమ కొన్ని గళ్ళు మాయమయ్యాయి. ఏవేవో యంత్రాల ముందు కూర్చోబెట్టి చూసింది. కంటి వెనక పొరలో, మనం సూటిగా చూసేచోట, సన్నటి రక్తనాళాలు కారుతున్నాయట. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు మంచి కన్ను చెడ్డ కన్ను తప్పుని కప్పేస్తుందట. అందుకే బోర్డులు చదవగలిగారు. కంట్లోకే సూదిమందు ఇవ్వాలి అనేసరికి మాస్టారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఒకసారి కాదు, నెలనెలా ఇవ్వాలి. అది ఉన్నదాన్ని నిలబెడుతుందిగానీ పోయినదాన్ని తెచ్చిపెట్టకపోవచ్చు.

ఎప్పుడు మొదలైందని అడిగిందావిడ. మాస్టారు క్యాషియరు సంగతి చెప్పారు.

"అప్పుడే ఎందుకు రాలేదు? చాలావరకు దక్కేదే."

మాస్టారు అద్దం సంగతి చెప్పబోయారు. లెన్సు, అద్దం, రెండు దారులు. సగంలో ఆ మాటలు తనకే వింతగా వినబడి ఆగిపోయారు. మీరైనా తీసుకురావాల్సిందమ్మా అని డాక్టరు భార్య వైపు తిరిగింది. ఆవిడ, నేను ముందే చెప్పానని ఒక్క మాట అని ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది. అనలేదు.

"చెప్పిందండీ. ఆ కన్ను నీకు లేదన్నాను" అన్నారు మాస్టారు.

డాక్టరు రాసుకుంటున్న కలం ఆపి ఇద్దరినీ చూసింది. తర్వాత అసలు మాట చెప్పింది. ఒక కంటికి వచ్చింది రెండోదానికీ రావచ్చు. రాకపోనూవచ్చు. గీత వంగినట్టు ఒక్కసారి కనబడినా ఆ రోజే రావాలి, మర్నాటిదాకా ఆగకూడదు. ఆ మాట విన్నప్పటినుంచి మాస్టారికి నిలబడినచోట నిలబడ్డట్టు లేదు. పోయిన కన్ను గురించి ఏడవడానికి కూడా తీరిక లేనంత భయం, మిగిలిన కన్ను గురించి.

మొదటి సూది పడ్డాక బావమరిది కొత్త కెమెరా పెట్టె సంచీలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఈసారి జోకులు లేవు. దీని వెనక తెర మడత విప్పి పెద్దగా చూసుకోవచ్చు, ఫైండర్‌లో కన్ను పెట్టక్కర్లేదు, రెండు కళ్ళూ తెరుచుకుని హాయిగా తీసుకో అని బతిమాలాడు. డబ్బు మెల్లగా ఇద్దువుగాని అన్నాడు. నిజానికి అది మంచి మాట. భార్యకి కూడా నచ్చింది. మాస్టారు తెర విప్పి, రెండు కళ్ళతో చూశారు. కిటికీ, ఊచలు, ఎదురింటి గోడ, అన్నీ తిన్నగా ముద్దుగా ఉన్నాయి. చాలాసేపు చూసి పెట్టెలో పెట్టేశారు.

"వద్దురా. రెండు కళ్ళతో చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. బాగాలేనిది నాకెలా తెలుస్తుంది?"

బావమరిదికి అర్థం కాలేదు. అక్కకి అర్థమైంది, మంచి కన్ను కూడా వంకర చూడటం మొదలుపెడితే ఆ రోజే తెలియాలని ఆయన దాన్ని ఒంటరిగా వాడాలనుకుంటున్నారని. తమ్ముణ్ణి పెట్టె తీసుకెళ్ళమంది. కొత్తదానికీ ఫైండర్ ఉంది, కాదనలేదు. కానీ తెర ఉన్నాక కన్ను దాని మీదికే పోతుందని మాస్టారికి తన సంగతి తనకి తెలుసు. పాత బాడీకి ఆ సుఖం లేదు, దాని వెనక తెర తీసేసిన ఫోటోనే చూపిస్తుంది, తీయబోయేది చూడాలంటే ఒంటికన్ను పెట్టి తీరాలి.

అయితే ఇంకో చిక్కొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎడమకన్నే మూశారు. కుడికన్ను ఒక్కదాన్నీ మూయమంటే మూతపడదు. మూయబోతే రెండూ మూతపడతాయి, లేకపోతే మూతి వంకరవుతుంది. అద్దం ముందు నిలబడి చిన్నపిల్లాడిలా తంటాలు పడుతుంటే భార్య నవ్వాపుకోలేక, వెనకనుంచి వచ్చి కుడికన్ను మీద అరచెయ్యి పెట్టింది. ఆ చేతి కింద ఆయన కెమెరా ఎత్తి ఎడమకంటికి ఆనించారు. తలుపు చట్రం తిన్నగా ఉంది. ఆ తర్వాత పనులకి ఆవిడ కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. స్టూడియో తలుపుకి తాళం వేసి, స్కూటరు వెనక స్టాండు పట్టుకుని కూర్చుంటుంది.

మొదటి పని ఒక బస్సు డిపోలో పడింది. డ్రైవర్లూ కండక్టర్లూ షెడ్డు ముందు మూడు వరసలుగా నిలబడ్డారు. ఫోటో తీసేవాడి కన్ను అతని భార్య మూసి పట్టుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు. ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. మాస్టారు పట్టించుకోలేదు. ముందు వరస చూశారు, బాగుంది. మధ్య వరస బాగుంది. వెనక వరస చూసుకుంటూ వస్తే, కుడిచివర మెకానిక్కు నడుం దగ్గర వంగి ఉన్నాడు.

ఆయన కళ్ళు ఆర్పి మళ్ళీ చూశారు. వంగే ఉన్నాడు. అదే వంపు, అచ్చం క్యాషియరుకి మొదలైనట్టే. ఈ కన్ను కూడానా, ఇంత తొందరగానా అనుకున్నారు. స్టాండు పట్టుకున్నారు. ఎదురుగా అంతమంది ఆయన చెప్పే మాట కోసం ఎదురుచూస్తున్నారు. భార్య చెయ్యి ఇంకా ఆయన కన్ను మీదే ఉంది, ఆయన రెప్పలు కొట్టుకోవడం ఆ చేతికి తెలిసిపోయింది.

"ఏమైందండీ?"

"నువ్వు చూడు. ఆ చివరాయన."

ఆవిడ చెయ్యి తీసి ఫైండర్ దగ్గరికి వంగింది. మాస్టారు అటు చూడలేదు, ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ ఫైండర్‌లో చూసింది. తల పైకెత్తి వట్టి కళ్ళతో వెనక వరస చివరకి చూసింది. మళ్ళీ ఫైండర్‌లో చూసింది.

"వంగాడండీ. నిజంగానే వంగి ఉన్నాడు. నడుం నొప్పేమో పాపం."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. నమ్మలేక, ఇంకోసారి చెప్పమన్నారు. ఆవిడ ఇంకోసారి చెప్పింది. ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకుని, మళ్ళీ ఎడమకన్ను ఫైండర్‌కి ఆనించారు. ఆవిడ అరచెయ్యి వచ్చి కుడికన్ను మీద కూర్చుంది. మెకానిక్కు ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, ఒక పక్కకు ఒరిగి, ఎండకి మొహం చిట్లించుకుని నిలబడి ఉన్నాడు. అంత అందంగా వంగిన మనిషిని మాస్టారు తన జన్మలో చూడలేదు. సరిగ్గా నిలబడమని అతనికి చెప్పడానికి ఆయనకు చాలాసేపు నోరు రాలేదు.